మల్లెపాదులో పచ్చి బొగ్గు

వసూ, తిరుత్తణి రైలుకు పోతున్నాను. నిద్ర లేపలేదు.

మెట్ల కింద తొట్టిలో ఊకబొగ్గు, తామరైపాక్కం నుంచి తెచ్చిన బంకమన్ను కలిపి పేడనీళ్లలో నానబెట్టాను. సాయంత్రం ఒకసారి కలియబెట్టు. బాగా నానేదాకా మల్లెపాదులో వేయకు, మన అమ్మాయి నందితనూ వేయనివ్వకు. తమిళ బడి చదువు, దానికి తెలుగు చదవడం రాదు, నువ్వే చెప్పు.

నానబెట్టని పచ్చి బొగ్గు వేస్తే మట్టిలోని సారమంతా అదే పీల్చుకుంటుందని ఎరువుల అంగడికి వచ్చినవాళ్లకు రోజూ చెబుతాను. ఇంట్లో మాత్రం మిగిలిన బస్తా పారేస్తే నష్టమని పాదులో కుమ్మరించాను. "ఇసక నేలలో ఒట్టి బొగ్గేస్తే సత్తువ యాడ నిలస్తాది? నానబెట్టి బంకమన్ను కలిపి ఎయ్యండి" అని నువ్వు ముందే అన్నావు. "అంగడి నీదా, నాదా?" అన్నాను. బొగ్గు కన్నా ఆ మాట చేసిన నష్టమే పెద్దది.

ఆకులన్నీ పసుపెక్కినా మొదలు దగ్గర ఒక చిగురు పచ్చగా ఉంది. నీళ్లు కొంచెంగా పొయ్యి.

ఒక మాట మరిచాను. మీ అమ్మ నాటిన ఆ చెట్టు పూలు లేకుండా కృత్తిక నాడు నేనెప్పుడూ తిరుత్తణి కొండెక్కలేదు. ఈసారి స్టేషన్ దగ్గర కొనుక్కుంటాను. ఎవరింటి పూలని స్వామి అడగడు. నువ్వూ అడగవు. అదే కష్టంగా ఉంది.