తలుపు మూయని ఓడ

దోమ,
ఆదివారం

చంద్రకాంత్ అన్నకు,

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే నాలుగు పేజీలు రాస్తావు. నీ దోస్తు, మా ఆయన బీరయ్య మళ్లీ ఓడ ఎక్కాడు.

పొద్దుగూకితే కంది చేల మీద పొగమంచు సముద్రంలా పరుచుకుంటుంది. గొర్రెలన్నీ దొడ్లోకి వచ్చినా ఈయన తడిక మూయనివ్వడు. జ్వరంతో అక్కడే కూర్చుంటాడు. "ఒక ట్యాంకు ఒడ్డుమీదనే ఉన్నది. అది రాంది తలుపెట్ల మూస్త?" అంటాడు.

యుద్ధంలో ట్యాంకులు మోసే మీ నేవీ ఓడ ఒడ్డున ఇసుక మీదికెక్కి ముందు తలుపు నోరులా తెరిస్తే, ఈయన గొర్రెలను తట్టినట్టే ఒక్కో ట్యాంకునూ తట్టి లెక్కపెట్టాడు. తిరిగి ఎక్కించేటప్పుడు నువ్వేమో "ఒకటి తక్కువున్నది బీరయ్యా" అని ఆటపట్టించావు. యాభై ఏళ్లు దాన్ని నవ్వుతూ చెప్పుకున్నాడు. ఇప్పుడు నవ్వు మరిచిపోయాడు, లెక్క మిగిలింది.

ఆ ఓడ తర్వాత దీవులకు బియ్యం మోసి, ముసలిదై, పాత ఇనుముకు పోయిందని చెబితే నా వైపు జాలిగా చూస్తాడు. నిన్న పొగమంచులో నాకూ అది కనిపించింది, నోరు తెరుచుకుని, చప్పుడు లేకుండా. పంతులమ్మగా పనిచేసిన దాన్ని, ఈ మాట ఎవరితోనూ అనకు.

తాండూరు నుంచి పొద్దున బస్సుకే రా. ఆఖరి ట్యాంకు ఎక్కిందని నీ నోటితో చెప్పు. నేను రోజూ చెబుతూనే ఉన్నాను. "నువ్వు ఓడల లేవు గద, నీకేమెరుక" అంటాడు.

ఇన్నేళ్లూ నేను ఎక్కడున్నాననుకున్నాడో.

నీ చెల్లెలు