మూడు గంటల గీత

జూన్ 4, మంగళవారం

బాబాయి ఇవాళ డ్యూటీలో నన్ను పిలిచి, గ్రాఫులో గీత మరీ సన్నగా ఉంది, కాస్త లావు చెయ్యవే అన్నాడు. ఇంట్లో నన్ను ఎప్పుడూ అలా ఏకవచనంలోనే పిలుస్తాడు. ఆయన డ్యూటీ ఆఫీసరుగా ఉన్న వరద హెచ్చరికల ఆఫీసులో మాత్రం అమ్మా, మీరు అంటాడు. ఇక్కడ నోరు జారాడంటే ఏదో కంగారులో ఉన్నాడన్నమాట.

పని చిన్నదే. నది మట్టం గ్రాఫును అయిదు నిమిషాలకోసారి ఒక కమాండ్ గీస్తుంది. అది రాసింది నేనే. LINE1 అని ఉన్నచోట LINE3 అని కొట్టాను. గీత లావైంది. ఇప్పుడు బావుందన్నాడు, ముక్కు స్క్రీన్‌కి ఆనించి మరీ చూసి.

జూన్ 12, బుధవారం

ఈసారి గ్రాఫు వెనకున్న గళ్లు, అదే గ్రిడ్, తీసేయమన్నాడు. నీలం గీత బదులు పసుపు, వెనకాల నలుపు. కలర్ ఆప్షన్లన్నీ మార్చాను. పక్క గదిలో టెలిఫోన్లు చూసే ఆపరేటర్ వచ్చి, ఇదేంటండీ, సర్కస్ పోస్టరా అని నవ్వాడు. బాబాయి కూడా నవ్వాడు, ఆపరేటర్ లేనివైపు తిరిగి.

జూన్ 21, శుక్రవారం

రాత్రి భోజనాలయ్యాక నేనే అడిగేశాను. మెట్ల దగ్గర బకెట్ తన్నేశావు, పక్కన నిలబడితే పలకడం లేదు, ఏమైంది బాబాయ్ అని.

అప్పుడు చెప్పాడు. కంట్లో ప్రెషర్ ఎక్కువై పక్కచూపు పోయిందట. పోయింది ఇక రాదట, ఉన్నదాన్ని కాపాడుకోవాలన్నాడట డాక్టరు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందే అన్నాడు. స్క్రీన్‌లో ఒక మూల కనిపిస్తే ఇంకో మూల కనిపించదు.

మేడమ్‌కి చెప్పమన్నాను. ఆవిడే మా ఆఫీసుకు పెద్ద. ఆయనకు కోపం వచ్చింది. చెబితే రేపే ఇంట్లో కూర్చోబెడతారు, కూర్చుని ఏం చెయ్యను, గోడలు చూడనా అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, నీ కడుపులో పెట్టుకో తల్లీ అన్నాడు.

నదిని ఆయన చదివినట్టు ఎవరూ చదవలేరు. ప్రమాద రేఖ తాకేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. గీత ఎలా ఎక్కుతోందో చూసి, ముందే పల్లపు వీధులను ఖాళీ చేయించాలి. ఆ వంపు చూసి ఆయన ఊ అంటే సైరన్ మోగుతుంది. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, ఒక కూతురు ఉందిగా చాలు అనేవాడు.

సరేనన్నాను.

జూన్ 23, ఆదివారం

సెలవైనా ఆఫీసుకు వెళ్లాను. ఇరవైనాలుగు గంటల గ్రాఫు ఆయన చూపులో పట్టదు. వెడల్పు తగ్గించి చూశాను, గీత ముద్దయింది. చివరికి స్టార్ట్ టైమ్ మార్చాను. ఇప్పుడు గ్రాఫులో చివరి మూడు గంటలే ఉంటాయి. చిన్నగా, చదరంగా, సరిగ్గా స్క్రీన్ మధ్యలో. అంకెలు మాటిమాటికీ మారితే ఆయనకు చదవడం కష్టమని పక్క స్కేలు కూడా సున్నా నుంచి ప్రమాద రేఖ పైదాకా పెట్టి, కదలకుండా బిగించేశాను.

మొత్తం ఒక్కచూపులో కనబడుతోందే అన్నాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నాకూ గర్వంగానే ఉంది.

జూలై 2, మంగళవారం

ఎవరూ కనిపెట్టలేదు. ఎక్కడ కనిపెడతారోనన్నదే నా భయమంతా.

జూలై 9, మంగళవారం

మేడమ్ వచ్చి గ్రాఫు చూసి మెచ్చుకున్నారు. ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదన్నారు. నది మట్టం కొలిచే మిగతా గేజ్‌ల గ్రాఫులకీ ఇలాగే చేయమన్నారు. చేస్తానండీ అన్నాను. చెయ్యలేదు.

జూలై 18, గురువారం, మధ్యాహ్నం

నిన్నటినుంచి ఎగువన వాన. పొద్దున పది గంటలకు బాబాయి, నది నిలకడగా ఉంది, కంగారేం లేదు అని మేడమ్‌కి ఫోన్‌లో చెప్పాడు. అది విని నేనూ నా పనిలో పడ్డాను.

పదకొండున్నరకు, పాత ఫైళ్లు సరిచేస్తూ ఎందుకో ఇరవైనాలుగు గంటల కమాండ్ కొట్టాను, బిగించిన స్కేలు కూడా వదిలేసి. గ్రాఫు తెరుచుకుంది.

నది నిలకడగా లేదు. నిన్న సాయంత్రం నుంచి ఎక్కుతూనే ఉంది. నెమ్మదిగా, ఆగకుండా. ఆ పెరుగుదలంతా ముక్కలుముక్కలుగా మూడేసి గంటలు కోసి, బిగించిన స్కేలులో పెడితే చదునుగా కనిపించింది. కోసింది నేను. బిగించింది నేను.

ప్రింట్ తీసి పరిగెత్తాను. బాబాయి కాగితం కంటి దగ్గర పెట్టుకున్నాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. కనబడట్లేదే, ముక్కలే కనబడుతున్నాయి అన్నాడు. నేను ఆయన చూపుడువేలు పట్టుకుని, నిన్నటి సాయంత్రం దగ్గర గీత మీద పెట్టి, మెల్లగా ఈ చివరిదాకా నడిపించాను.

వేలు పైకి పోతూనే ఉంది. సగం దారిలోనే ఆయన ముఖం పాలిపోయింది. చివరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. సైరన్ వెయ్యమను అని అరిచాడు. ఆపరేటర్ గది దాకా వినబడింది.

జూలై 18, సాయంత్రం

మా వీధీ పల్లంలోదే. కిటికీ అంచుదాకా నీళ్లు. అందరం గుట్టమీది స్కూల్లో ఉన్నాం. బాబాయి ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. నేనూ ఉంటానంటే, వెళ్లి మన వీధి ముసలాళ్లను చూసుకో అని పంపేశాడు.

మా వీధి దర్జీ కనబడటం లేదని అతని భార్య ఒకచోట నిలబడటం లేదు. సామాను సర్దుకునే టైమ్ ఇవ్వలేదట. కుట్టుమిషన్ తెస్తానని వెనక్కి వెళ్లాడట. గంట ముందు చెప్పి ఉంటే రెండుసార్లు వెళ్లి తెచ్చుకునేవాడు కదమ్మా అని నన్నే పట్టుకుని అంది. తల తిప్పుకున్నాను.

జూలై 19, శుక్రవారం

దర్జీ బతికే ఉన్నాడు. గోడ కూలి కుడిచెయ్యి నలిగింది. వేళ్లు ముడుచుకోవడం కష్టమేనంటున్నారు.

జూలై 21, ఆదివారం

ఆస్పత్రికి వెళదాం పద అన్నాడు బాబాయి. దారంతా నా భుజం మీద చెయ్యి వేసుకునే నడిచాడు. వీధిలో అలా నడవడం ఇదే మొదటిసారి.

మంచం పక్కన నిలబడి, హెచ్చరిక ఆలస్యమైంది, నేను చూడలేకపోయాను అన్నాడు. దర్జీ మంచివాడు. పోనీలెండి సార్, ఎంతని చూస్తారు, మీరూ మనిషే కదా అన్నాడు. అక్కడితో వచ్చేయవచ్చు. బాబాయి రాలేదు. అలా కాదు నాయనా, నాకు కళ్లు కనబడవు, ఆ సంగతి దాచిపెట్టి కుర్చీలో కూర్చున్నాను అన్నాడు.

దాచింది నేను కూడా అన్నాను.

దర్జీ మా ఇద్దరినీ చూశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బావుండేది. అతని భార్య మాత్రం బాబాయికి స్టూలు జరిపింది. ఆయనకు అది కనబడలేదు. నిలబడే ఉన్నాడు.

జూలై 22, సోమవారం

మేడమ్ తలుపు మూసుకుని మా మాట విన్నారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ మాట మెత్తబడలేదు. మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కుర్చీ మాత్రం ఇవ్వలేను అన్నారు. బాబాయి, ఇవ్వకూడదు కూడా అన్నాడు. ఆయన్ని టెలిఫోన్ల గదికి మార్చారు. ఇకమీదట నేను గ్రాఫులో ఏ చిన్న మార్పు చేసినా ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి. తల తీసేసినట్టయింది. న్యాయమే.

జూలై 23, మంగళవారం

ఇరవైనాలుగు గంటలు తిరిగి పెట్టాను. గ్రిడ్ కూడా. రంగుల దగ్గర ఆగాను. పసుపు అలాగే ఉంచండి, నిజంగానే బాగా కనిపిస్తోంది అన్నాడు కొత్త డ్యూటీ ఆఫీసరు. ఉంచాను. సీటు వదిలి, బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఆగస్టు 14, బుధవారం

దర్జీ ఇంటికొచ్చాడు. బాబాయి రోజూ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని వస్తున్నాడు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, ఇంకా ఏమీ లేదు అన్నాడు.

సెప్టెంబర్ 3, మంగళవారం

మళ్లీ వాన. సాయంత్రం టీ తాగుతుంటే ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాను. నది ఎక్కుతోందమ్మా, పల్లంలో ఉన్నవాళ్లు ఇప్పుడే బయల్దేరండి, సామాను సర్దుకోవడానికి టైముంది, కంగారుపడకండి అంటూ బాబాయి గొంతు. పోయిన వారమే ఆఫీసులో ఆయనతో చెప్పించి రికార్డు చేశారు. ఎదుటి కుర్చీలో బాబాయి కప్పు పట్టుకుని చివరిదాకా విన్నాడు.

తర్వాత కప్పు కింద పెట్టి, చెబుతున్నాడుగా, లే అన్నాడు. ముందు దర్జీ మిషన్ ఎత్తాలి, పద.