ఎరుపా, నలుపా

ఫిబ్రవరి 6

అక్క చేతిలోంచి బ్యాట్ జారిపడింది. అక్క కండక్టరుగా చేసే డిపో విశ్రాంతి గదిలో, ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కేలోపు కండక్టర్లూ డ్రైవర్లూ ఆడుకునే ఆ పాత టీటీ టేబుల్ దగ్గర. సర్వీస్ చెయ్యబోతే బంతి పైకి లేచింది, బ్యాట్ కిందికి పోయింది. అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. ఆ తరవాత టీ గ్లాసు జారింది. అప్పుడెవరూ నవ్వలేదు.

అక్కణ్ణుంచి నేరుగా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పోయిన వారం చేయించిన పరీక్షల కాగితాలు చూసి ఇద్దరికీ కలిపే చెప్పాడు. చేతులతో మొదలవుతుందట, చేతులతో ఆగదట. మందు లేదా అంటే, ఆలస్యం చేసే మందుంది అన్నాడు. ఆ మందు ఆఫీసుల్లో పుష్కలంగా ఉంది లెండి అన్నాను. డాక్టరు నవ్వలేదు. అక్క నవ్వింది.

ఇంటికొచ్చాం. తను పెళ్ళి చేసుకోలేదు, నేను చేసుకుని బయటికొచ్చాను. ఈ రెండు గదుల్లో ఉన్నది మేమిద్దరమే. కుందేళ్ళు రెండు, కాళ్ళు చెరి మూడు.

ఫిబ్రవరి 9

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. పట్టుకునేవాటన్నిటినీ లావు చెయ్యమంది. సన్నటి వస్తువుకి వేళ్ళు బాగా ముడవాలి, లావు వస్తువుకి కాస్త ముడిస్తే చాలట. చెంచాకి, పళ్ళ బ్రష్షుకి, దువ్వెనకి స్పాంజి పెట్టి టేపు చుట్టాను. అక్క బుద్ధిగా చుట్టించుకుంది. బ్యాట్ తీసేసరికి లాక్కుంది.

చెంచాకి చుట్టు, బ్రష్షుకి చుట్టు, కావాలంటే నా నోటికి చుట్టు, దాని జోలికి రాకు అంది.

ఫిబ్రవరి 10

"సహజం" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆడవాళ్ళు చాకిరీ చెయ్యడం సహజం. పేదవాళ్ళు ఓర్చుకోవడం సహజం. జబ్బుపడ్డవాళ్ళు మూల కూర్చోవడం మరీ సహజం. ఇప్పుడు అక్కకి చెక్క పిడి సహజమైపోయింది, టేపు కృత్రిమమైపోయింది. కళ్ళజోడు పెట్టుకున్నవాడు దొంగచూపు చూస్తున్నాడా? నాకు తెలుసు ఈ పొగరు ఎక్కణ్ణుంచొస్తుందో. సాయం తీసుకోవడమే సిగ్గని చిన్నప్పట్నుంచీ నూరిపోస్తారు. మెట్లున్న ప్రతి ఆఫీసు ముందూ నేను ర్యాంపు కోసం గొంతు చించుకుంటాను, ఇంట్లో మా అక్క ఒక మూర టేపుకి ఒప్పుకోదు.

అంతా అన్నాను. విని, టేపేస్తే తిరగదే అంది. తిరగకపోతేనే కదా జారదు అన్నాను. తను కిటికీలోంచి బయటికి చూసింది.

ఫిబ్రవరి 11

మళ్ళీ వాదించాను.

ఫిబ్రవరి 13

మళ్ళీ.

ఫిబ్రవరి 15, సాయంత్రం

ఒప్పుకుంది! చుట్టెయ్యి తల్లీ, నీ నోరు పడ్డాక నా చెయ్యో లెక్కా అంది. నీలం గ్రిప్ టేపు తెచ్చాను. పిడి అడుగు నుంచి మొదలుపెట్టి, అంచు మీద అంచు వచ్చేలా పైదాకా చుట్టాను, ముడత పడకుండా. అక్క పట్టుకుని ఊపింది. జారలేదు. ఎడంచేత్తో నా తల మీద మొట్టికాయ వేసింది. ఆ వేలిలో కూడా బలం లేదు.

మార్చి 2

డిపో పోటీలు. అక్క ఆడింది. ఒక్కసారి కూడా బ్యాట్ జారలేదు!

ఎదురు ఆడింది సడన్ బ్రేకు. గుంత కనిపిస్తే నిండు బస్సుని కూడా టక్కున ఆపేస్తాడని ఆ డ్రైవరుకి ఆ పేరు. అక్క చేతిలో ఏళ్ళ తరబడి ఓడిపోతూనే ఉన్నాడు, ఓడిపోయినప్పుడల్లా టేబుల్ వంకరగా ఉందంటాడు. ఈసారీ ఓడిపోయాడు, టేబుల్ ఊసెత్తలేదు. గది దద్దరిల్లేలా చప్పట్లు. డిపో మేనేజరు ఏవో నాలుగు ముక్కలు ధైర్యం గురించి మాట్లాడి కప్పిచ్చాడు. కప్పు నేను పట్టుకున్నాను.

దారిలో అక్క నిద్రపోయింది. లేదా నిద్రపోయినట్టు కళ్ళు మూసుకుంది.

మార్చి 3

పేపర్లో నా కాలమ్ ఈ వారానికి రాసేశాను. "పట్టు తప్పనివ్వం". ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఎడిటరు ఫోన్ చేసి చాలా రోజుల తరవాత కోపం లేకుండా రాశారే అన్నాడు. దానిక్కూడా కోపం వచ్చింది.

మార్చి 7

బ్యాట్ బీరువా మీద ఉంది. అక్క డిపోకి వెళ్ళట్లేదు. అలసట అంటోంది. టీవీలో వంట ప్రోగ్రాం చూస్తోంది. జన్మలో చూడలేదు.

కాలమ్‌కి ఉత్తరాలొస్తున్నాయి. ఒకటి చదివి వినిపించబోతే, బాగుంది బాగుంది, ముందు ఆ సౌండు పెంచు అంది.

మార్చి 11

సడన్ బ్రేకు వచ్చాడు. అక్క పడుకుని ఉంది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చెల్లెమ్మా, ఆ టేపు ఎవరు చుట్టారు అని అడిగాడు. నేనే అన్నాను, కాస్త గర్వంగానే. తల పంకించి ఊరుకున్నాడు. ఊరుకోనివ్వడం నాకు చేతకాదు, ఏంటో చెప్పమని నిలదీశాను.

చెప్పాడు. మీ అక్క బ్యాట్‌కి ఎర్రవైపు నున్నటి రబ్బరు, నల్లవైపు ముళ్ళ రబ్బరు. ఎరుపుతో కొడితే బంతి గిర్రున తిరుగుతూ వస్తుంది. నలుపుతో కొడితే చచ్చిన బంతి వస్తుంది. చెయ్యి ఊపడం మాత్రం రెండిటికీ ఒకలాగే. టేబుల్ కింద, ఆఖరి క్షణంలో, వేళ్ళ మధ్య పిడి గిర్రున తిప్పేది. ఇటు నేను రంగు చూసి తేల్చుకునేలోపు బంతి నా పొట్టకి తగిలేది. ఆమె ఆటంతా ఆ తిప్పడమే చెల్లెమ్మా. ఆ రోజు ఒక్కసారీ తిప్పలేదు. రబ్బరు టేపు కదా, చేతికి అంటుకుపోయింది. ప్రతి బంతీ నాకు ముందే తెలుస్తోంది.

మరి మీరెలా ఓడిపోయారు అన్నాను.

ఆయన చెప్పులు చూసుకున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు, నేనేం చెయ్యను అన్నాడు. కండక్టరమ్మకి తెలిసిపోయింది, చెయ్యి కలిపినప్పుడు నా మొహం చూడలేదు అన్నాడు. ఇంక ఆటకి రాదా అని అడిగాడు. నాకేం తెలుసు అన్నాను. అంత మొరటుగా అనుండకూడదు.

మార్చి 12

పొద్దున్న టీ ఇస్తూ అడిగాను. తిప్పడం గురించి నాకెందుకు చెప్పలేదు అని.

చెప్పానుగా, తిరగదని అంది.

సరిగ్గా చెప్పాలి కదా, గట్టిగా చెప్పాలి కదా అన్నాను. నీతో గట్టిగా చెప్పాలంటే మైకు కావాలే, డిపోలో ఉన్న మైకు కూడా చాలదు అంది. తనే మళ్ళీ అంది, నీతో వాదించడం కన్నా సడన్ బ్రేకు మీద గెలవడం తేలికనుకున్నా, వెధవ ఆ పని కూడా వాడే చేసిపెట్టాడు.

నవ్వుతూనే అంది. చెంబెడు టీ ఒక్కసారే తాగుతున్నట్టు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మొహం అందులో పెట్టేసుకుంది.

జారితే జారనిచ్చి ఆడాల్సింది. పది బంతులకి ఆరుసార్లు జారేదేమో. నాలుగు తిప్పేది. ఆ నాలుగూ తన ఆట. నేను పది బంతులూ ఆడించి ఆ నాలుగూ తీసేశాను.

మార్చి 13

టేపు పీకేశాను. చెక్కకి జిగురు అంటుకుపోయింది. కిరసనాయిలు గుడ్డతో మధ్యాహ్నమంతా తుడిచాను. బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం ఉంది, అక్కడ చెక్క నల్లగా, నునుపుగా ఉంది. అందులో నా వేలు పట్టదు.

తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. అక్క తిప్పడానికి చూసింది. సగం తిరిగి ఆగింది. మళ్ళీ చూసింది. ఒళ్ళో పడింది. ఒక్క నెల ముందైతే తిరిగేదే అంది. నిందలా అనలేదు. బస్సు ఇప్పుడే వెళ్ళిపోయిందండీ అని ప్రయాణికులకి చెప్పినట్టు అంది.

మార్చి 20

నా వాదన ఇప్పటికీ తప్పు కాదు. చెంచాకి చుట్టాలి, బ్రష్షుకి చుట్టాలి, ప్రతి ఆఫీసుకీ ర్యాంపు కట్టాలి. కట్టనివాణ్ణి ఈ వారం కూడా ఏకిపారేశాను. ఒక్కమాట వెనక్కి తీసుకోను. లోకంలోని పిడులన్నిటికీ నేను చెప్పింది రైటు. మా ఇంట్లో ఉన్నది ఒక్క పిడి.

జూన్ 4

అక్క వేళ్ళు ఇక ముడవడం లేదు. అన్నం నేనే పెడుతున్నాను. స్పాంజి చుట్టిన చెంచాతో. ఆ లావు చెంచాతో ఎందుకే, నీ చేతికేం రోగం అంది.

జూన్ 17

అక్కని కూర్చోబెట్టాను. తోచక బ్యాట్ తీసి తిప్పబోతే నా చేతిలోంచి ఎగిరి సోఫా కిందికి పోయింది. ఎన్నాళ్ళయిందో అక్క అలా నవ్వి. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

అప్పట్నుంచి నేర్పుతోంది. మాట ముద్దగా వస్తోంది, తిట్లు మాత్రం స్పష్టంగా వస్తున్నాయి. బిగించకే, అదేమన్నా మంత్రి పీకా? వదులుగా పట్టుకో. బొటనవేలితో తొయ్యి, చూపుడువేలితో ఆపు. పిడి నున్నగా ఉంటేనే తిరుగుతుంది, అందుకే చెక్క, అర్థమైందా మహానుభావురాలా.

అర్థమైంది.

జూలై 9

కొత్త ఆట. నేను దుప్పటి కింద బ్యాట్ తిప్పాలి. ఏ వైపు పైకి ఉందో అక్క చెప్పాలి. ఎరుపా, నలుపా. ప్రతిసారీ సరిగ్గా చెప్పేస్తోంది. ఎలా అంటే, నీ మోచెయ్యి చెప్పేస్తోందే అంది. నువ్వు ఏం చేసినా ఊరంతా తెలిసేట్టే చేస్తావు. తిప్పింది మోచేతికి తెలియకూడదు.

ఆగస్టు 1

సడన్ బ్రేకు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆయనా ఆడాడు. ఎరుపో నలుపో ఆయన ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు, తిప్పింది నేనైనా. టేబుల్ వంకరగా ఉందన్నాడు. టేబులే లేదక్కడ. అక్క ఈసారి ఆయన మొహం చూసింది.

సెప్టెంబర్ 22

మాట పోయింది. రెప్ప ఒకసారి వేస్తే ఎరుపు, రెండుసార్లు వేస్తే నలుపు.

అక్టోబర్ 15

ఇరవై ఏళ్ళ నుంచి లోకంతో పోట్లాడుతున్నాను. రోజూ ఒక గంట నోరు మూసుకుని ఒక మనిషి కళ్ళలోకి చూడటం ఇదే మొదలు. ఇవాళా అన్నీ సరిగ్గా చెప్పింది.

నవంబర్ 8, సాయంత్రం

తప్పు చెప్పింది!

నేను నలుపు తిప్పాను. అక్క ఒకసారే రెప్ప వేసింది. కాసేపు ఆగాను, రెండో రెప్ప వేస్తుందేమోనని. వెయ్యలేదు. దుప్పటి తీసి చూపించాను. నలుపు. అక్క కళ్ళు పెద్దవి చేసి చూసింది, అబ్బో అన్నట్టు. చివరికి గెలిచానని మంచం చుట్టూ ఒక చుట్టు తిరిగాను, ఈ వయసులో. ఇన్ని నెలల్లో మొదటిసారి నా మోచెయ్యి నోరు మూసుకుంది.

నవంబర్ 19

పొద్దున్నే పోయింది. ఫోన్ చేస్తే సడన్ బ్రేకు బస్సుని దారి మధ్యలో ఎవరికో అప్పగించి యూనిఫాంలోనే వచ్చాడు. ఎడిటరు అక్క మీద ఒక వ్యాసం రాసివ్వండి అన్నాడు. మొదటిసారి రాయనని చెప్పాను.

డిసెంబర్ 3

అద్దం ముందు కూర్చుని, ఒళ్ళో దుప్పటి పరుచుకుని, తిప్పి చూశాను. మోచెయ్యి ఇప్పటికీ కదులుతోంది.