పిడికిలంత సంచి

జూన్ 3

హాస్పిటల్ డేట్ మళ్ళీ వాయిదా వేయించాను. ఇది రెండోసారి. డాక్టరమ్మ సెలవులో ఉందని ఆయనతో చెప్పాను. అబద్ధం. లోపల గడ్డలున్నాయి, గర్భసంచి తీసేయాలి, రక్తం ఇలా పోతుంటే మనిషివి దక్కవు అని ఆవిడ మూడు నెలలుగా మొత్తుకుంటోంది. తీసేస్తే మాత్రం దక్కుతానా? లోపలంతా డొల్ల. ఈ మాట ఎవరితో చెప్పుకోను?

జూన్ 6

స్కూల్ నర్సమ్మ షాపుకొచ్చింది. పిల్లలకి పాఠం చెప్పడానికి గుడ్డతో గర్భసంచి కుట్టిపెట్టమంది. మగవాళ్ళదీ ఒక సెట్ కావాలంది. ఇంతమంది టైలర్లుండగా నా దగ్గరికే రావాలా! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సరేనన్నాను.

జూన్ 9, మధ్యాహ్నం

ఎర్ర శాటిన్‌తో కుట్టేశాను. దిండంత వచ్చింది. నర్సమ్మ కుర్చీలో కూలబడి నవ్వింది. ఏనుక్కి కుట్టావా అంది. మామూలప్పుడు అది మన పిడికిలంతే ఉంటుందట, బిడ్డ పడ్డాకే సాగుతుందట. నేను నమ్మలేదు. పిడుగుని మోసినప్పుడు నా పాదాలు నాకే కనపడేవి కావు. పిడుగంటే నా కూతురు. పదకొండేళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు.

జూన్ 10

రెండోది కుదిరింది. లోపల గులాబీ లైనింగ్. బిడ్డ రాకపోతే నెలనెలా అదే ఊడి బయటికొస్తుంది, మళ్ళీ కొత్తది పడుతుంది. అందుకే ప్రెస్ బటన్లు పెట్టాను. అటూ ఇటూ ట్యూబులు, వాటి దగ్గర బాదంకాయంత అండాశయాలు. ట్యూబ్ కొసని అండాశయానికి గట్టిగా కుట్టేస్తే నర్సమ్మ విప్పించింది. అక్కడ అతుకుండదట. నెలకో గుడ్డు విడుదలైతే ట్యూబ్ చివరి కుచ్చులే దాన్ని లోపలికి అందుకుంటాయట. ఒళ్ళు మండింది. ఇదేం కుట్టు? నేనిలా వదిలేస్తే కస్టమర్లు మొహాన కొట్టరూ?

సాయంత్రం లేసుతో ఆ కుచ్చులు వేస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఈ పనంతా నాలో, నాకు తెలియకుండానే జరిగింది. ఒక్కనాడైనా దాన్ని మంచిగా తలుచుకున్నానా? విసుక్కోవడం తప్ప.

జూన్ 12

మగవాళ్ళ సెట్. వృషణాల సంచి బయటే వేలాడాలి. ఒంటి వేడికన్నా కాస్త చల్లగా ఉంటేనే వీర్యకణాలు తయారవుతాయట. ఆయన టిఫిన్ బాక్స్ తెచ్చి, మెషిన్ మీదున్నది చూసి, బాక్స్ అక్కడే పడేసి పరుగో పరుగు. సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఎడమది కాస్త కిందికుండాలని గోడకేసి చూస్తూ చెప్పి వెళ్ళిపోయారు.

జూన్ 13

తీసేస్తే ఆ చోట ఏముంటుందని నర్సమ్మని అడిగాను. ఎవరికని ఆవిడ అడగలేదు. పేగులు సర్దుకుంటాయంది. అండాశయాలు బాగుంటే ఉంచుతారు, వాటి పని అవి చేసుకుంటాయి, డొల్లా లేదు గిల్లా లేదు అంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

జూన్ 14

పిడుగు నా బుట్టలో గుడ్డ సంచి చూసింది. పక్కన తన పిడికిలి పెట్టి, నేను ఇందులోనే ఉన్నానా అంది. అవునన్నాను. ఉన్నట్టుండి నోరు జారింది. దాన్నే తీసేయాలంటున్నారని చెప్పేశాను. తలెత్తితే గుమ్మంలో ఆయన. డాక్టరమ్మ సెలవులో లేదని మొదటిరోజే తెలుసన్నారు. నువ్వే చెప్తావని ఆగానన్నారు. నాకు నువ్వు కావాలి, నీ లోపలి సామాను లెక్క నాకెందుకే పిచ్చిదానా అన్నారు. ఏడ్చాను. ఆయనా ఏడ్చారు. పిడుగు మాత్రం తన పిడికిలికేసే చూసుకుంటోంది.

జూన్ 19

రేపే. భయంగా ఉంది.

జూన్ 22

నొప్పి. పిడుగు వచ్చింది. పిడికిలి బిగించి, దుప్పటి మీంచి నా పొత్తికడుపు మీద ఆనీ ఆనకుండా పెట్టింది.

కొలత సరిపోయింది.