కుండలో కాగే నీళ్లు

అమోంగిన్ నాన్నా,

మన అమ్మాయి అమోంగిన్‌ని సొరోటి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. కడుపుతో ఉన్న పిల్లకి జ్వరం దిగలేదు, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. బాడుగ మోటారుసైకిలు, బోడా బండి, వాకిట్లో ఆగి ఉంది.

పొయ్యి దగ్గర అటప్ ముద్ద, వేరుశనగ పులుసు మూతపెట్టాను. ముందు అత్తమ్మకు పెట్టు, ఆమె గిన్నె వేరుగా ఉంచు. నువ్వు దగ్గుతూ ఆమె గుడిసెలోకి వెళ్లకు. తలుపు తీసే ఉంచు, గాలి ఆడనీ. ఆమెకూ ఆయాసం వస్తే తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే తీసుకురా.

సాయంత్రం మల్వా రాగి కల్లు కుండ చుట్టూ ఎవరినీ చేరనివ్వకు. రాస్తున్నానే గానీ నువ్వు వింటావన్న ఆశ లేదు. మొన్న నీ నేస్తం ఒజాకోల్ దగ్గుతూనే మీ మధ్య కూర్చుని తాగాడు, వెళ్తూ, కుండలోంచి కల్లు పీల్చే తన పొడుగు గొట్టం నీ చేతికిచ్చాడు. నేను వద్దంటే అందరి ముందూ నవ్వావు. "కుండలో సలసల కాగే నీళ్లు పోస్తున్నాం కదే, ఏ జబ్బు బతుకుతుంది?" అన్నావు. కుండలో బతకదేమో, మీ దగ్గులో బతికింది. మీరు లేచాక ఆ గొట్టాలన్నీ నోటితో ఊది, లోపల ఇరుక్కున్న రాగి పొట్టు వదిలించింది మన పిల్లే.

పిల్లకి టీకా వేయిద్దామని నర్సు అంటే, జలుబుకి సూదేమిటన్నావు. ఇప్పుడు పోట్లాడే ఓపిక కూడా నాకు లేదు.

దగ్గు తగ్గేదాకా నువ్వు ఆస్పత్రికి రావద్దు. నీ చెల్లెల్ని పంపు.

అసెకెన్యె

బండి ఎక్కించి, మళ్లీ లోపలికి వచ్చి రాస్తున్నాను. పిల్ల మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అంది: "అమ్మా... ఇవాళ... నాన్న గొట్టం... ఊదలేదు... పూడుకుపోయి ఉంటుంది."

ఇక నువ్వే ఊదుకో.