ఫోన్ అడిగిన పేరు

జూలై 6

తప్పులుంటే మన్నించాలి. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఎవరికీ రాయడం లేదు, అయినా ముందే అడుగుతున్నాను.

ఐదో తరగతితో బడి మానేశాను. అక్షరాలు నా కళ్ల ముందు నిలవవు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. మొద్దు అన్నారు. నేనూ నమ్మాను. ఇప్పుడు ఓపెన్ స్కూల్‌లో టెన్త్ కట్టాలని ఆశ. గార్లదిన్నె సెంటర్‌లో ఆశ్రిత మేడమ్ నా ఫోన్‌లో యాప్ వేసిచ్చింది. పేజీకి ఫోటో తీస్తే చదివి వినిపిస్తుంది. నేను మాట్లాడితే రాస్తుంది.

జూలై 9

సైన్స్ పాఠం మొత్తం విన్నాను. శనక్కాయ వేరు మీద బుడిపెలు ఎందుకుంటాయో తెలిసింది. ఇన్నేళ్లూ పీకుతూనే ఉన్నాను.

జూలై 14, మధ్యాహ్నం

పరువు పోయింది. పరీక్షలో ఫోన్ వాడాలంటే, అప్లికేషన్ నేనే మాట్లాడి నింపి చూపాలట. నా పేరు, ఊరు చెప్పాను. చక్కగా రాసింది. తర్వాత భర్త పేరు. నోరు రాలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన పేరు పలకలేదు. మా ఇళ్లలో ఎవరూ పలకరు. ఫోన్ ఎదురుచూసి ఆగిపోయింది. సెంటర్ క్లర్కు జయరాముడు, "ఏమప్పా, మూగబోయింది ఫోనా, మనిషా?" అన్నాడు. అందరూ నవ్వారు. లేచి వచ్చేశాను.

జూలై 15

శుక్రవారమే ఆఖరి తేదీ అని మేడమ్ ఫోన్ చేసింది.

జూలై 17

విత్తనాలకు కాయలు ఒలుస్తూ మా అత్త సుంకమ్మ, ఎందుకట్లుండావని అడిగింది. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"పేరు పలికితే వాడికేమయితాదే? దినామూ తాడిపత్రిలో బండల దుమ్ము మింగేటోడు" అంది. చాలాసేపు ఒలిచింది. తర్వాత, తల ఎత్తకుండానే, "మీ మామ పేరు నేను ఒక్కనాడూ అనలేదు. అయినా పోయినాడు" అంది.

జూలై 18

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పలికాను. ఫోన్ రాయలేదు. గట్టిగా అనమంది మేడమ్. సెంటర్ అంతా వినపడేలా అన్నాను. రాసింది. పర్మిషన్ వచ్చింది.

జూలై 20, ఆదివారం

తాడిపత్రి నుంచి ఆయన వచ్చారు. ఫోన్‌తో అప్లికేషన్ చదివించాను. తన పేరు విని, ఎవరు చెప్పినారని అడిగారు. నేనే అన్నాను. "ఏదీ, ఇంకోసారి అను." వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి దగ్గర నిలబడి పిలిచాను. "ఓ" అని పలికారు.

తిప్పేస్వామి.

ఈ కాగితం దొరికినవాళ్లు కాల్చేయండి. ఆ పేరున్న ముక్క మాత్రం ముందే చించి పక్కన పెట్టండి.