ఒక అడుగు మింగిన పాట

అక్టోబర్ 27, సోమవారం

తల్లాడ దాటాక గానీ బస్సులో సీటు దొరకలేదు. కూర్చోగానే కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, మా బడి బ్యాండ్ కోసం రాస్తున్న మార్చ్ మూడో భాగం పూర్తి చేశాను. క్లారినెట్లు అడుగుతాయి, లావు గొంతు బాజా యుఫోనియం జవాబు చెబుతుంది. ఎనిమిది బార్లు, ఒక్కోటి నాలుగు దెబ్బలు. పిల్లల ఊపిరి ఎంతని... ఏ స్వరాన్నీ రెండు దెబ్బలకు మించి సాగదీయలేదు.

దీనికి మూలం జమున. ఎనిమిదో తరగతి, చర్ల అవతలి అడవి ఊరి పిల్ల. పోయిన నెల హాస్టల్ కుళాయి దగ్గర కంచం కడుగుతూ కూనిరాగం తీస్తుంటే విన్నాను. "ఎవరు నేర్పిండ్రు?" అంటే, "మా నాన్నమ్మ పాడుతది సార్... ఇత్తులేసేటప్పుడు." నాలుగుసార్లు పాడించుకుని రాసుకున్నాను. మూడో వరుస చివర ఊరికే ఆగుతోంది. ఊపిరి కోసమేమో. ఆ ఆగడం తీసేశాను. మార్చ్ కదా — నాలుగుకు నాలుగు, ఎడమ కుడి, ఎడమ కుడి.

బాగా కుదిరింది. చాలా రోజులకు నా రాత నాకే నచ్చింది.

నవంబర్ 4, మంగళవారం

యుఫోనియం జమునకే ఇచ్చాను. పాట తెచ్చిన పిల్ల కదా. పిల్ల సన్నమే గానీ ఊపిరి గట్టిది, బాజా లావుగా పలుకుతోంది. కానీ జవాబు అందుకునే చోట ప్రతిసారీ ఒక దెబ్బ ఆలస్యం. అక్కడితో డ్రమ్ములు తడబడతాయి, అడుగులు తారుమారు, ఒకరి మడమ మీద ఇంకొకరు. పకపకా నవ్వులు.

"లెక్కపెట్టుకో."

"పెడుతున్న సార్."

"మరి ఎప్పుడొస్తున్నవ్?"

"పాట వచ్చినప్పుడు వస్తున్న సార్."

ఎదురు సమాధానం అనుకున్నాను. అందరి ముందూ అరిచాను. తల వంచుకుంది.

నవంబర్ 11, మంగళవారం

బడి బ్యాండ్ల పోటీ నియమాలు వచ్చాయి. బ్యాండ్‌లో ఇరవై అయిదు మందికి తగ్గకూడదు. మా పిల్లలు సరిగ్గా అంతే. జమునను తీసేస్తే ఒకరు తక్కువ. ఉంచితే మార్చ్ పాడు. ప్రిన్సిపల్ మేడం గేటు దగ్గర ఆపి మరీ చెప్పింది — "మాస్టారూ, ఈసారి గిన ప్రైజ్ రాకుంటే బ్యాండ్ ఎందుకని పైనోళ్ళు అడుగుతరు."

అడిగితే బ్యాండ్ పోతుంది. దాని వెనకే కాంట్రాక్టు మాస్టారూ పోతాడు.

నవంబర్ 12, బుధవారం

అబ్బాజాన్ గుర్తొచ్చాడు.

ఖమ్మంలో ఆయన నడిపిన పెళ్ళి బ్యాండ్‌లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు డమ్మీలు ఉండేవాళ్ళు. కోటు, టోపీ, చేతిలో బాజా, అన్నీ ఉంటాయి... ఊదరు. బుగ్గలు ఉబ్బిస్తారు, అంతే. "పెళ్ళోళ్ళు ఊపిరి వినరు బేటా, తలకాయలు లెక్కపెడ్తరు" అనేవాడు. పదేళ్ళప్పుడు నేనూ డమ్మీనే. మరిచిపోయి ఊదుతానేమోనని నా క్లారినెట్‌లో గుడ్డ కుక్కేవాడు. ఒక ఊరేగింపులో మామయ్య నన్ను చూసి, మావాడు వాయిస్తున్నాడని నలుగురికీ చూపించాడు. భూమి రెండుగా చీలితే దూకేద్దామనిపించింది.

అన్నీ గుర్తున్నాయి. అయినా జమునను పిలిచాను.

"పట్టుకొని నిలబడు. వేళ్ళు ఆడించు. ఊదకు."

కాసేపు నా బూట్ల వంక చూసింది. "అవ్ సార్."

ఏడ్చినా బాగుండేది.

నవంబర్ 18

ఆ ఎనిమిది బార్లూ ట్రాంబోన్‌కు ఇచ్చేశాను. అడుగులు చక్కగా పడుతున్నాయి. జమున వేళ్ళు కూడా.

నవంబర్ 21, శుక్రవారం

రేపే పోటీ. బాజాలన్నీ వ్యాన్‌లోకి ఎక్కించాం. రేపు జమున నాన్న జోగయ్య కూడా వస్తాడట, మేడం చెప్పింది. బిడ్డ వాయిస్తుందని విని బయలుదేరుతున్నాడట.

నాన్న ఎదురుగా నిలబడితే పిల్ల ఊదకుండా ఉంటుందా? పిల్లలు అన్నాలకు వెళ్ళారు. రుమాలు చింపాను. వ్యాన్ ఎక్కి, యుఫోనియం మౌత్‌పీస్ తీసి గొట్టంలో గుడ్డ కుక్కాను. ఎంత కుక్కాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది నాకు.

నవంబర్ 22, శనివారం

రెండో బహుమతి.

జోగయ్య రెండు బస్సులు మారి వచ్చాడు. గుడ్డ సంచి నిండా సీతాఫలాలు. గ్రౌండ్ అంచున నా పక్కనే నిలబడ్డాడు. పిల్లలు మొదలుపెట్టారు. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగి అడిగాడు — "మా పిల్లది ఏ సప్పుడు సార్?"

అప్పుడు ట్రాంబోన్ మోగుతోంది. "అదే... ఆ లావు గొంతు" అన్నాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు కాబట్టి చూడలేదు. నేను చూశాను. మూడో వరుస అయిపోగానే జమున గుండె నిండా ఊపిరి పీల్చింది. బుగ్గలు... మెడ మీద నరాలు... అది నటన కాదు. ఊదుతోంది. రాలేదు. ఇంకోసారి ఊదింది. బాజా వంక చూసుకుంది. తర్వాత నా వంక — ఒక్కసారే. ఆ తర్వాత చివరిదాకా వేళ్ళు ఆడిస్తూనే ఉంది.

కప్పు తీసుకుంటూ మేడం నన్నూ పైకి పిలిచింది. నవ్వాను కూడా. ఫోటోలో పళ్ళు కనబడుతున్నాయి.

నవంబర్ 23, ఆదివారం

నిన్న వ్యాన్‌లోనే గుడ్డ బయటికి లాగాను. తడిసి ముద్ద. జేబులో పెట్టుకుని మరిచిపోయాను. పొద్దున బట్టలు నానబెడుతూ మా ఆవిడ రజియా అడిగింది, "ఇదేంది, జేబుల ఈ తడి గుడ్డ?"

"ఏం లేదు" అన్నాను.

ఉతికి, నా చొక్కాల పక్కనే ఆరేసింది.

నవంబర్ 25

జమున ప్రాక్టీస్‌కు రాలేదు. యుఫోనియం తుడిచి, పెట్టెలో పెట్టి, తాళంచెవి నా టేబుల్ మీద ఉంచి వెళ్ళిందట.

డిసెంబర్ 2, మంగళవారం

జోగయ్య ఫోన్. గుట్ట ఎక్కితే గానీ ఆయనకు సిగ్నల్ ఉండదు, మాట మాటకీ ఆయాసం. "సార్, ఆ పాట ఫోన్‌ల పంపుండ్రి. మా అమ్మకు ఇనిపియ్యాలె. మనుమరాలు వాయించింది గద."

చెప్పేయాల్సింది. పాట పంపాను.

డిసెంబర్ 9, మంగళవారం

మళ్ళీ గుట్ట ఎక్కాడు పాపం.

"మా అమ్మ ఒకటే నవ్వుడు సార్. పాట మనదే గని, ఒక అడుగు మింగిండ్రు అంటది."

"అడుగేంది జోగయ్యా?"

"మూడో వరస కాడ వంగి ఇత్తు ఏస్తం సార్. ఇత్తు పడేదాక పాట ఆగుతది. మీరు ఆగకుండ పోతున్నరు." ఎక్కడ నొచ్చుకుంటానో అని వెంటనే, "గట్ల గూడ మంచిగనే ఉన్నది సార్" అన్నాడు.

డిసెంబర్ 10, బుధవారం

ఫోన్‌లో నవంబర్ ప్రాక్టీస్ రికార్డింగులు ఉన్నాయి. ఒక్కొక్కటే పెట్టుకుని, బల్ల మీద వేలితో కొట్టుకుంటూ విన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు — అప్పుడు జమున. మళ్ళీ పెట్టాను. అయిదు, జమున. ఎన్నిసార్లు తప్పిందన్నానో అన్నిసార్లూ ఒకే చోట వచ్చింది. గడియారం కూడా అంత కచ్చితంగా ఉండదు. ఆ పిల్ల ఆలస్యం కాలేదు. మిగిలిన ఇరవై నాలుగు మందినీ నేను తొందరపెట్టాను.

పాట వచ్చినప్పుడు వస్తున్న సార్, అంది. ఇంకెంత విడమరిచి చెప్పాలి?

ఆడలేక మద్దెల ఓడు అంటారు. రాయలేక పిల్లను ఓడన్నాను. పైగా ముప్పై ఏళ్ళుగా ఏ బడికి వెళ్ళినా మొదటి రోజు చెప్పే మాట — ముందు చెవి పెట్టి వినండి అని.

డిసెంబర్ 17

తిరగరాశాను. ఆ ఆగే అయిదో దెబ్బ దాని చోట అది ఉంది. అడుగుల సంగతి ఏం చేయాలో మూడు రోజులు తెలియలేదు. చివరికి తేలింది — ఆ దెబ్బకు పాతికమందీ ఆగిపోవాలి. డ్రమ్ములు కూడా. తర్వాత యుఫోనియం ఒక్కటే మొదలవుతుంది, దాని వెంట ఎడమ కాలు. పోటీలో పెడితే జడ్జీలు నవ్వుతారు. నవ్వనీ.

డిసెంబర్ 23, మంగళవారం

సెలవులకు ఇళ్ళకు పోతున్నారు. జమునను మెట్ల దగ్గర ఆపాను.

"జమునా, పోటీ రోజు..."

"బస్సు ఉంది సార్."

వెళ్ళిపోయింది. గేటు దాకా స్నేహితురాళ్ళతో నవ్వుతూనే వెళ్ళింది. నవ్వు లేనిది నా దగ్గరే.

జనవరి 7, బుధవారం

బడి తెరిచారు. జమున రాలేదు. జోగయ్య ఫోన్ కలవడం లేదు. జ్వరమేమో అంది మేడం. కావచ్చు.

జనవరి 11, ఆదివారం

రజియాకు మొత్తం చెప్పాను. గుడ్డ సంగతి కూడా. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"మీ అబ్బాజాన్ చేసినప్పుడు మీకు కోపం రాలేదా?"

"వచ్చింది."

"చెప్పిండ్రా ఆయనకు?"

"లేదు."

"మరి ఆ పిల్ల మీకెట్ల చెప్తది? మీరే చెప్పాలె."

చేట పట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను అబ్బాజాన్‌ను ఎప్పుడైనా క్షమించానా అని కూర్చుని ఆలోచించాను. ఆయన పోయి పన్నెండేళ్ళు. ఎప్పుడూ అడగలేదు ఆయన. అడిగి ఉంటే ఏమనేవాడినో తెలియదు.

జనవరి 21, బుధవారం

జమున వచ్చింది. జ్వరమేనట, బాగా చిక్కింది. సాయంత్రం ప్రాక్టీస్‌కు అందరితో పాటు వచ్చి చివర నిలబడింది.

కొత్త కాగితం ఇచ్చాను. పైన ఆమె పేరు రాశాను. "పాట నీది. ఆగే చోటు నేను తీసేసిన. తప్పు నాది, నీది కాదు" అన్నాను. అందరి ముందే అరిచాను కాబట్టి అందరి ముందే చెప్పాను. గుడ్డ సంగతి కూడా చెప్పాలని నోరు తెరిచాను... పాతిక ముఖాలు. అంతవరకే చెప్పి యుఫోనియం పెట్టె తాళం తీశాను.

కాగితం చదివింది. అయిదో దెబ్బ దగ్గర వేలు ఆగింది. పెదాలు కదిలాయి, నవ్విందో లేదో చెప్పలేను. యుఫోనియం అందించాను. ఒళ్ళో పెట్టుకుని, ముందు మౌత్‌పీస్ ఊడదీసింది. గొట్టంలో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసింది. తొందరేం లేదు ఆ పిల్లకు. మళ్ళీ బిగించింది.

అప్పుడు తల ఎత్తి అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"ఊదాల్నా సార్, పట్టుకొని నిలబడాల్నా?"